ఓడిపోయే జత

సముద్రపు ఒడ్డున ఆటసామాన్లు అమ్మే కొట్టు. బల్ల మీద నాలుగైదు జతల బూట్లు విప్పి పడున్నాయి. బల్లకి ఇవతల ఆఫీసు ఉద్యోగి, ఆయన భార్య. అవతల కొట్టాయన.

“ఇందులోకి ఇసుక వెళ్తుందా?”

“ఒక్క రేణువు కూడా వెళ్లదు సార్. మడమ దగ్గర పట్టీ చూడండి, బిగించేశారంటే ఇక అంతే.”

“వెళ్లదా? అయితే ఇది వద్దు.”

“వెళ్లకూడదనే కద సార్ అందరూ అడుగుతారు.”

“అందరి సంగతీ నాకెందుకండీ. ఇంకోటి చూపించండి.”

“ఏవండీ, ఇసుక వెళ్లకపోతే మంచిదే కదా. ఇంట్లో బయల్దేరేటప్పుడు అరికాళ్లు కాలతాయి, గవ్వలు గుచ్చుకుంటాయి అని ఒకటే గోల పెట్టారు.”

“కాలికి గాలాడొద్దూ? నువ్వెళ్లి ఆ బంతులు చూస్తూ కూచో కాసేపు.”

“బంతుల్ని చూడ్డానికేముంది, గుండ్రంగా ఉంటాయి. నేనిక్కడే ఉంటాను.”

“సార్, ఇది చూడండి. మేజోళ్లలాగే ఉంటాయి, కింద పల్చటి రబ్బరు. ఇసుకలో వాలీబాల్ ఆడేవాళ్లంతా ఇవే పట్టుకెళ్తారు. ఎండ ఎంత మండినా అరికాలికి తెలీదు. గాజుపెంకు మీద కాలేసినా దిగదు. వేసుకున్నట్టే ఉండదు, ఎగిరితే ఎగిరినంత.”

“ఎగరొచ్చా?”

“హాయిగా ఎగరొచ్చు.”

“అక్కడే వచ్చింది చిక్కు. బరువుగా ఉండేవి లేవా?”

“బరువుగానా? ఎంత బరువు సార్?”

“ఎలా చెప్పను... కాలు లేపితే లేవాలి. కాకపోతే కాస్త ఆలస్యంగా లేవాలి.”

“అమ్మా, సార్‌కి మోకాళ్ల నొప్పులేమైనా ఉన్నాయా?”

“నొప్పులా, పాడా. మేడ మెట్లు రెండేసి ఎక్కేస్తారు. ఏవండీ, అసలు సంగతేంటి? మీరు బూట్లు కొనడానికి వచ్చినట్టు లేదు, బేడీలు కొనడానికి వచ్చినట్టుంది.”

“మెల్లిగా మాట్లాడు.”

“కొట్లో మనం తప్ప ఎవరున్నారు? చెప్పండి.”

“ఏముంది చెప్పడానికి. ఆదివారం ఆఫీసువాళ్ల వాలీబాల్ ఆట, ఈ ఇసుకలోనే. ఇద్దరేసి జట్టు. వలకి అవతల మా మేనేజరు.”

“అయితే?”

“అయితే ఏంటి? ఆయన గెలవాలి. సెక్షన్ హెడ్ కుర్చీ ఖాళీ అవుతోంది. అది నాకిస్తాడా, లేకపోతే ఎక్కడో దూరపు ఊళ్లో గోడౌనుకి తోలేస్తాడా అన్నది ఇప్పుడు ఆయన చేతిలో ఉంది.”

“దానికి బూట్లెందుకు? ఉత్తకాళ్లతో వెళ్లి ఓడిపోండి. మీకు కొత్తా? చదరంగంలో ఓడారు. క్యారమ్స్‌లో ఓడారు. ఇదివరకటి మేనేజరు కుడిచేతికి కట్టు కట్టుకుని, ఎడంచేత్తో బ్యాడ్మింటన్ ఆడితే ఆయన చేతిలో కూడా ఓడిపోయారు.”

“ఎడంచేత్తో భలే కొట్టేవాడులే.”

“కొట్టేవాడు కాదు, మీరు వదిలేసేవారు.”

“ఈయన అలా వదిలేస్తే ఊరుకునే రకం కాదే. ఇట్టే పట్టేస్తాడు. కిందటిసారి క్యాషియరు ప్రతి బంతికీ ‘అబ్బా, తప్పిపోయింది సార్’ అన్నాడు. ఏమైంది? ‘నన్ను ముసలాణ్ణి చేసి ఆడిస్తున్నావోయ్, అదన్నమాట సంగతి’ అన్నాడు ఈయన. మాటకి ముందొకసారి, వెనకొకసారి ‘అదన్నమాట సంగతి’ అంటాడులే. వారం తిరక్కుండా క్యాషియరు గోడౌనులో మూటలు లెక్కపెడుతున్నాడు.”

“సార్, ఒక్క మాట. ఆ అదన్నమాట అనే ఆయన...”

“ఉండండి మీరు. అందుకని నేను ఒళ్లు దాచుకోకుండా ఆడాలి. చెమటలు కారిపోవాలి. కసిగా ఎగరాలి. కానీ బంతి అందకూడదు. నేరం బూట్ల మీదకి పోవాలి. పాము చావాలి, కర్ర విరక్కూడదు.”

“బాగుంది. ఆడలేనివాడు మద్దెల ఓడన్నాడట. ఆడగలిగీ మద్దెలకి చిల్లు పెట్టించుకునే మనిషిని మిమ్మల్నే చూస్తున్నా.”

“నీకేం, ఎన్ని మాటలైనా అంటావు.”

“మీ జట్టులో ఇంకొకరు ఉంటారు కదా. వాళ్లూ మీలాగే బేడీలు వేసుకొస్తారా?”

“ఆ అవసరం లేదు. కొత్తగా చేరిన ట్రైనీ అమ్మాయి. ఆటలో ఓనమాలు రావు. బంతి నీ మీదకొస్తే పక్కకి జరుగమ్మా, ఆ మాత్రం సాయం చాలు అని చెప్పా. మేనేజరే ఏరికోరి ఆ పిల్లని నా జట్టులో వేశాడు. నాకు పని తేలికవుతుందనేమో.”

“పాపం, ఆ పిల్ల ఏమంది?”

“ఏమంటుంది? తలూపింది. మొన్న నాకు టీ కూడా తెచ్చిపెట్టింది. మంచి పిల్లే.”

“సార్, మీరేమీ అనుకోకపోతే నేను చెప్పేది...”

“మీరు చెప్పేది సరే, ఆ పై అరలో నల్లటిదేంటి? దించండి.”

“అదా? అది ఆటకి కాదు సార్. రేవులో రాళ్ల మీద నడిచేవాళ్లు వేసుకుంటారు. పిక్కదాకా వస్తుంది. నీళ్లు కారిపోడానికి పక్కల చిల్లులుంటాయి.”

“ఆ చిల్లుల్లోంచి ఇసుక వెళ్తుందా?”

“ఎందుకెళ్లదు సార్, దర్జాగా వెళ్తుంది.”

“వెళ్లింది బయటికొస్తుందా?”

“రాదు.”

“వస్తువంటే అదీ. ఇలా ఇవ్వండి. అబ్బ, బరువు కూడా బాగుంది. చూడవే, నాలుగు అడుగులు వేసేసరికి కాలు కాలులా ఉండదు. ఎవరడిగినా ‘గవ్వలు గుచ్చుకుంటాయని రక్షణకి వేసుకున్నా సార్, ఇలా కొంప ముంచుతాయనుకోలేదు’ అంటా.”

“మీకు గుర్తుందా, మిమ్మల్ని నేను మొట్టమొదట ఎక్కడ చూశానో?”

“ఇప్పుడెందుకది?”

“చెప్పండి.”

“కాలేజీ గ్రౌండులో. మీ అన్నయ్య జట్టుతో ఆడుతుంటే.”

“మీరు ఎగిరి కొట్టిన దెబ్బకి అన్నయ్య ముంజేయి వాచిపోయింది. ఇంటికొచ్చి అమ్మతో చెప్పాను, చేసుకుంటే ఆ మనిషినే చేసుకుంటానని.”

“అన్నయ్య చెయ్యి వాచినందుకా?”

“గెలిచి నవ్వారు చూడండి, అందుకు. ఆ నవ్వు నేను మళ్లీ చూళ్లేదు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఓడిపోయి నవ్వే నవ్వే చూస్తున్నా. ఇంటికొచ్చాక కూడా అదే నవ్వు. మన పిల్లదానితో పచ్చీసు ఆడినా అదే నవ్వు. చూసినప్పుడల్లా నాకు కడుపు మండిపోతుందండీ. ఒక్కసారి, ఒక్కసారి మీరు గెలిస్తే చూడాలనుంది.”

“నాకు మాత్రం లేదా? గోడౌనుకి వేస్తే వారానికోసారి ఇంటికొస్తాను. అప్పుడు ఏ నవ్వూ ఉండదు. మన పిల్ల నిద్రపోయాక వచ్చి, నిద్రలేవకముందు పోవాలి. నాకు అది భయం. చాలా? కొట్టాయనా, ఇందులో నా కాలికి సరిపోయేది తీసి కట్టేయండి.”

“ఏ సైజు సార్?”

“తొమ్మిది.”

“లేదు సార్. అదే ఇందాకట్నుంచీ చెప్పబోతుంటే మీరు వినరు. ఉన్న ఒక్క తొమ్మిదో నంబరు జతా పొద్దున అమ్ముడుపోయింది. మీ చేతిలో ఉన్నది మచ్చుకి పెట్టిన ఒంటి బూటు. ఈ సరుకు కదలక ఎన్నాళ్లయిందో. అలాంటిది ఒక్కరోజే ఇద్దరు అడిగారని నేనూ ఆశ్చర్యపోతున్నా.”

“ఎవరు? ఇంకెవరికి కావలసొచ్చింది?”

“ఒక బట్టతల పెద్దమనిషి. భార్యతో వచ్చారు. రావడం రావడమే ‘ఇందులోకి ఇసుక వెళ్తుందా’ అని అడిగారు. వెళ్లదంటే ‘అయితే వద్దు, అదన్నమాట సంగతి’ అన్నారు.”

“ఏమన్నారూ?”

“అదన్నమాట సంగతి అన్నారు సార్. ఒకసారి కాదు.”

“మా మేనేజరా? ఆయనకెందుకు ఈ బూట్లు? ఆయన గెలవాలి కదా.”

“గెలిస్తే కొంప మునుగుతుందట సార్. అవతలి జట్టులో ఎవరో అమ్మాయి ఉందట. మీ ఛైర్మన్ గారికి కాబోయే కోడలట. పని నేర్చుకోడానికని, ఎవరికీ చెప్పకుండా మామూలు ఉద్యోగంలో చేరిందట. ఛైర్మన్ గారు ఆదివారం ఆట చూడ్డానికి వస్తున్నారట. ‘ఆ పిల్ల గెలవాలి, అందుకే కాలేజీలో చాంపియన్‌గా వెలిగినవాణ్ణి వెతికి పక్కన వేశా, వాడు గెలిపించకపోతే వాడికి గోడౌనే గతి’ అన్నారు భార్యతో.”

“ఆ ట్రైనీ పిల్లేనా!”

“ఏవండీ. ఏవండీ, కూచోండి. కొట్టాయనా, కాసిని మంచినీళ్లు.”

“టీ తెప్పించానే నేను. ఆ పిల్ల చేత టీ తెప్పించాను. బంతొస్తే పక్కకి జరగమన్నాను.”

“అది తర్వాత చూసుకుందాం. కొట్టాయనా, ఇందాకటి పల్చటి జత, ఎగిరితే ఎగిరినంత అన్నారే, అది తొమ్మిదిలో ఉందా?”

“అవి ఎన్నైనా ఉన్నాయమ్మా.”

“కట్టేయండి. ఇన్నాళ్లూ ఉద్యోగం కోసం ఓడారు కదండీ. ఆ ఉద్యోగం కోసమే ఈ ఒక్కసారీ గెలవండి. ఎందుకైతేనేం, నేను ముందు వరసలో కూచుని చూస్తాను. ఏంటలా చూస్తారు? సంతోషంగా లేదా?”

“అది కాదే. కాలేజీలో బంతి సర్వీసు చేసేటప్పుడు నేను ఏ కాలు ముందు పెట్టేవాణ్ణో, నీకేమైనా గుర్తుందా?”