వెండి డాలర్ మీద గీతలు

పెళ్లయి నెల దాటని తహ్మీనా దుబాయ్‌లోని డేరా బజారులో భర్త యాసీన్ పనిచేసే పాత నాణేల దుకాణంలో భూతద్దం మీదికి వంగింది.

"పదిహేడు వందల తొంభై తొమ్మిది నాటి అమెరికా వెండి డాలర్," అన్నాడు యాసీన్. "అంచు మాత్రమే పట్టుకో."

"రెండు నూర్ల ఏండ్లదా? అంచే పట్టుకుంటాలే."

"దీని గ్రేడు సరిగ్గా రాస్తే కౌంటర్ బాధ్యత నాకే ఇస్తానన్నాడు ముదీర్, మా మేనేజరు. ఆయన జవాబు ఈ కవర్లో ఉంది, నేను రాసినాకే విప్పాల. నాణెం మీద బొమ్మలో ఆమె జుట్టు పోగులు చూడు, ఒక్కటీ అరగలే. 'దాదాపు కొత్తది' అని రాస్తా."

"ఉండయ్యా. ముఖం పక్కన చూడు, సన్న గీతలు, అన్నీ ఒకే పక్కకు. మా జేజి పట్టీలు బూడిదతో తోమితే ఇట్లే పడతాయి."

అతను చాలాసేపు చూశాడు.

"ఎవరో తోమినారు మే. వారం నుంచి చూస్తాండా, నాకు కనపళ్లే."

"తోమితే తప్పా?"

"నాణేలోళ్లకి పెద్ద తప్పే. తోమితే విలువ పడిపోతాది."

యాసీన్ అదే రాసి కవరు విప్పాడు. అందులోనూ 'తోమినది' అనే ఉంది.

"కౌంటర్ మనదే. ఇంక డబ్బీలో పెట్టెయ్."

"పెడతాలే. తోమినామె ఎవురో, ఏ ఊరిదో. మెరిసిందని ఎంత మురిసిపోయిందో. ఇంకొంచేపు చూడనీ."