కుర్చీల కూసొని కారు నడిపిన యోగానంద్

అంబరీష్ కొత్త కారు కొన్నాడు గానీ నడపడం రాదు, డ్రైవరూ దొరకలేదు. తెల్లారితే తల్లి రామాబాయిని హులిగి ఊళ్లోని హులిగెమ్మ గుడికి తీసుకుపోవాలి. తాళంచెవి వేలికి తిప్పుకుంటూ ఇంటి ముందరి కట్ట మీద కూర్చున్నాడు. పక్కన స్నేహితుడు ప్రాణేశ్ చాయ్ తాగుతున్నాడు. గడప దగ్గర రామాబాయి వత్తులు చేసుకుంటోంది. ఎదురింటి బట్టల దుకాణం యోగానంద్ ఆ తాళంచెవిని చూసి చూసి, ఆగలేక వచ్చి మధ్యలో చతికిలబడ్డాడు.

“నేనుండంగ డ్రైవర్ను దేవులాడుడేంది అంబరీషన్నా? నేను గొప్పలు జెప్పుకునేటోన్ని గాదు, మీకెర్కనే. ఇన్నేండ్లు కంప్యూటర్ల కార్ల ఆట కంట్రోలర్ వట్టుకొని ఆడిన. బొటనేలుతోని ఇట్ల నూకితే కారు అట్ల వోతది, అది పిల్లల పని. మొన్న అసలైన స్టీరింగు దెప్పిచ్చిన, కాళ్ల కింద పెడల్స్ గూడ. మేజకు బిగిచ్చి కూసున్న. మొదలు ఒక్కసారి గోడకు గుద్దిన, అబద్ధమెందుకు. ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఆ స్టీరింగుల మోటరుంటది, రోడ్డు మీద గుంతొస్తే మన చేతులు గుంజుతది. రెండు దినాలు అది నన్ను గుంజింది. ఇంక నేను దాన్ని గుంజుడు మొదలువెట్టిన!”

“దాన్నా?” అన్నాడు ప్రాణేశ్.

“మరి! నేను మూల మీద స్టీరింగు తిప్పితే మేజ తిరిగె, మేజతోని మంచం తిరిగె. నా పెండ్లాం చైత్ర దక్షిణానికి తలవెట్టి పండుకుంటే, లేచేసరికి తల ఉత్తరానికున్నది, అపశకునమని ఒకటే లొల్లి! బ్రేకు తొక్కితే కిందింట్ల దర్జీ ఉరుకుందప్ప కుట్టుమిషన్ ఆగిపోయె. ‘సావ్కార్, జర మెల్లగ తొక్కుండ్రి, కుట్టు తప్పుతున్నది’ అని మొత్తుకున్నడు పాపం.”

“కరెంటు వోయి ఉంటది లే,” అన్నాడు ప్రాణేశ్.

“కరెంటు వోతే నా కారు ఆగుతదా? ఉరుకుడు మీదున్నది, ఎట్ల ఆగుతది? టైర్లు కాలిన వాసన యరగేర దాంక వోయింది. మిరప కల్లంల నిప్పు వడ్డదని అక్కడి రైతులు బిందెలు వట్టుకొని ఉరికిండ్రు! పోలీసోళ్లు మా ఇంటికే వచ్చిండ్రు. ‘కుర్చీల కూసొని గింత జోరు ఏంది, హెల్మెట్టన్న వెట్టుకో’ అని దండం వెట్టి వోయిండ్రు.”

అంబరీష్ తాళంచెవి తిప్పడం ఆపాడు. “ఎవరితోనన్న పోటీ వడ్డవా?”

“గదే జెప్తున్న! నిన్న ఇంటర్నెట్ల పందెం. జపానోడు, జర్మనోడు, ఇటలీవోడు, అందరు పాలు మరిచిన దినం నుంచే స్టీరింగు వట్టినోళ్లు. మొదటి మూలకే దుమ్ము లేచె, నా కారు గిర్రున తిరిగె. దుమ్ము దిగినంక జూస్తే ఒక్కడన్న గానొస్తే ఒట్టు! ఖుల్లా రోడ్డు, నేనూ, గాలి. కొంచెం దూరం వోయినంక గాలి గూడ ఎనకవడ్డది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? వాళ్లందరు నాకు ఎదురుంగ వచ్చిండ్రు! జపానోని మొకంల భయం నా కండ్లతోని జూసిన. జడుసుకొని తొవ్వ ఇచ్చిండ్రు, కొందరైతే గడ్డిల వడ్డరు. తెర మీద నా పేరు కింద ఎర్ర అక్షరాలు, పెద్ద బాణం గుర్తు, మెరుస్తనే ఉండె. ఇంగ్లీషుల మెచ్చుకుంటుండ్రు!”

రామాబాయి వత్తి తిప్పే చేయి ఆగింది.

“నాయనా యోగానందా, పందెంల అందరు ఒక దిక్కే వోవాలె గద?”

“ఒక దిక్కేనమ్మా.”

“ముందు ఉరికేటోనికి ఎవ్వరు గానరారు. రౌండు దిరిగి మల్ల అందుకున్నా, వీపులే గానొస్తయి. నీకు మొకాలు గానొచ్చినయి. అంటే ఉల్టా వోయినవ్. ఆ ఎర్ర అక్షరాలు మెచ్చుకునుడు గాదు, ఎనక్కి మర్లుమని మొత్తుకునుడు.”

ప్రాణేశ్ నోట్లోని చాయ్ బయటికొచ్చింది. యోగానంద్ మెడ గోక్కున్నాడు.

“స్టీరింగు కొత్తది గదమ్మా… అదే కంట్రోలరైతే…”

అంబరీష్ తాళంచెవి జేబులో వేసుకున్నాడు. రామాబాయి మళ్లీ వత్తి అందుకుంది.

“అంబరీషా, హులిగికి పొద్దుగాల బస్సు ఎప్పుడున్నదో అడుగు. యోగానందుకు గూడ ఒక టికెట్ దీయ్. కిటికి పక్కన కూసోవెట్టు, బండ్లు ఏ దిక్కు వోతయో జూస్తడు.”