సెయిన్ ముక్కు నెత్తురు

ఏటే ఆశా, మాత్తర్ల పొట్లం అక్కడ పెట్టీసి నవ్వుతావేటి? అవునే, ఒంటేలుకి పంపే మాత్తరే. ఇది మింగితే కూకున్నచోట కూకోనివ్వదు. గుండెకాడ నీరు సేరిందంట, డాక్టరుగోరు రాసిచ్చాడు. ఈ మందే గుర్రాలకీ ఇస్తారు, తెలుసేటి నీకు? నవ్వకు. మీ తాత బంగారురాజు ఉంటే సెప్పీవోడు. మీ అమ్మ జయంతి సెప్పలేదా ఎప్పుడూ? సెప్పదులే. ఆ మాటెత్తితే దానికి ఇప్పటికీ ఒణుకు. ఆ కిటికీ ఓరగా ఎయ్యి, కరెంటొచ్చీదాకా ఇలా దగ్గరికొచ్చి కూకో.

మీ తాతదీ మాదీ గోడకి గోడ, ఈ పేటలోనే, మింగళ తౌంగ్‌న్యున్‌లో. నాను అహ్లోన్ బియ్యం మిల్లులో బస్తాలు మోసీవోణ్ణి, ఆడు గుర్రాలు సాకీవోడు. వొయసులో ఎక్కి పందేలు కూడా పరిగెట్టినాడు. నది అవతల దలాలో కోతలైపోయాక పెద్దోలు గుర్రాలు తెచ్చి పొలాల్లో పరిగెట్టించుకునీవోరు. మీ తాత ఒక బుగత, అదే పెద్ద ఆసామి, ఆయన దగ్గిర ఉండీవోడు. పేరా? పేరొద్దు. ఉన్నాడో పోయాడో, మనకెందుకు, బుగత అందాం. ఆయన ఎవరిమీదా అరిసీవోడు కాదు, అదే భయం. ఆయనకి సెయిన్ అని ఒక ఆడగుర్రం. సెయిన్ అంటే ఈ బర్మావోళ్ల భాషలో వజ్రపు రవ్వ. నిజంగా రవ్వేనే అమ్మా, ఎండలో నిలబెడితే కళ్లు సెదిరీవి. దాన్ని మీ నాన్న సోయ్ విన్ ఎక్కీవోడు. మామ మేపడం, అల్లుడు ఎక్కడం. సోయ్ విన్ అప్పుడు గడకర్రలాగుండీవోడు, ఇప్పుడా బొజ్జ సూస్తే నమ్మవు నువ్వు.

ఒకనాడు పరుగయ్యాక సెయిన్ తలొంచినాది, రెండు ముక్కుల్లోంచీ నెత్తురు. మీ తాత సొక్కా అంతా తడిసిపోనాది. పశువుల డాక్టరు రాజమోహన్‌గోరిని పిలిసేరు. ఆయన సూసి, "పరుగుకి ఊపిరితిత్తుల్లో సన్న నరాలు సిట్లిపోతున్నాయి, దీనికి రెస్టివ్వాలి" అన్నాడు. బుగత "మందు లేదా?" అన్నాడు. "ఉంది. ఒంట్లో నీరు లాగీసి నెత్తురు తగ్గిస్తాది, అంతే. ఊపిరితిత్తుల్ని బాగుసెయ్యదు. ఎండల్లో అలా ఎండబెట్టి పరిగెట్టిస్తే పడిపోద్ది, పైనున్నోడూ పోతాడు." బుగత నెమ్మదిగా, డాక్టర్లని పిలిసే మరియాదతోనే, "మందియ్యండి సయా" అన్నాడు. ఆయన ఇచ్చీసి ఎల్లిపోనాడు, మరి రాలేదు. పిల్లలున్నోడు, ఆయన్నేటంటాం?

ఇంక పందెమన్నప్పుడల్లా సూది. నీళ్ల కుండీ తీసీయడం. గుర్రం కొళాయి ఇప్పినట్టు పోసీది, డొక్కలు లోనకి పోయీవి, మీ తాత అరిసేతి సెమట నాకీది. నెత్తురు ఆగినాది, గెలిసినాది కూడా! అందరికీ పండగే. మీ తాత మాత్రం నా అరుగు మీద కూకుని, "ముందు నెత్తురైనా కనపడీదిరా త్రినాథూ. ఇప్పుడు లోన కారతన్నాదో మానిపోనాదో ఎలాగ తెలుస్తాది? పైనున్నోడు నా అల్లుడు" అనీవోడు. నువ్వప్పుడు మీ అమ్మ కడుపులో ఉన్నావు.

తింజాన్ నీళ్ల పండగ ముందు, నిప్పులు సెరిగే ఎండ. నానూ ఎల్లేను ఆ పందేనికి. సెయిన్ నిలబడే గురగురమంటన్నాది. బుగత మనిషి ఒక సూది ఏసి, సాల్లేదని ఇంకోటి ఏసీసేడు. మీ నాన్న రికాబులో కాలెట్టేడు. మీ తాత పోయి కళ్లెం పట్టీసుకున్నాడు. "దిగు." "మామా, ఆయన సూస్తన్నాడు." "సూడనీ, దిగు." బుగత ఒచ్చేడు. పేరు ముందు ఈళ్ల మరియాద "ఊ" తగిలించే అడిగేడు. "ఏం ఊ బంగారు, అల్లుణ్ణి ఎక్కనివ్వవా?" మీ తాత కళ్లెం ఒదల్లేదు. "నానెక్కుతాను బాబూ. నా సేతికింద బాగా నడుస్తాది." బుగత గుర్రాన్నీ ఆణ్ణీ సూసి, "ఎక్కు" అన్నాడు.

ఆడు దాన్ని పరిగెట్టించలేదే. ఎనక్కి లాగి పట్టుకున్నాడు, అదేమో పోతానంటాది, మిగతా గుర్రాలు ఎల్లిపోనాయి. అయినా సగందూరం ఎల్లేసరికి నెత్తురు సిమ్మినాది. మీ తాత మొగమంతా ఎరుపు. దిగిపోయి, అంతమంది ముందూ కళ్లెం పట్టుకుని నడిపించుకొచ్చేడు. బుగత నల్లకళ్లజోడు పెట్టుకుని, "ఇంటికెళ్లు ఊ బంగారు, రెస్టు తీసుకో" అన్నాడు. అంతే. తిట్టినా బాగుండీది.

అప్పట్నుంచి మీ తాత మనిషి కాదు. వీధిలో బండాగితే నోటికాడ ముద్ద నోటికాడే. మీ అమ్మమ్మ సీతాలు, "ఏటవుతాదయ్యా, మరిసిపోయుంటారు" అనీది. "ఆళ్లు మరవర్రా" అనీవోడు నాతో. నువ్వు పుట్టేవు, ఒళ్లో ఏసుకున్నా సూపు గుమ్మం మీదే. నువ్వు గోడ పట్టుకుని నడిసీ రోజుల్లో, మజ్జాన్నం, కారొచ్చి నిజంగానే మీ ఇంటి ముందు ఆగినాది. మీ తాత కంచం ముందు నుంచి లేసి, సెయ్యి కడక్కుండా ఎనక తలుపులోంచి ఎల్లిపోనాడు. దలా పడవెక్కేడంట, ఒడ్డున దిగడం సూసినోలున్నారు. మీ నాన్న ఆ ఊల్లన్నీ తిరిగేడు. లేడు. ఇంక రాలేదమ్మా. మీ అమ్మమ్మ బొట్టుతోనే పోనాది.

బుగతా? ఆయనెందుకొచ్చేడంటే... సెయిన్ ఈనిందని సెప్పడానికి. పందేలు మానిపించీసేడంట దాన్ని. నుదుట తెల్లబొట్టున్న పిల్ల, "ఊ బంగారు వచ్చి సూసుకోవాలి" అన్నాడు. అరటిపళ్లు కూడా తెచ్చేడు. నాను గుమ్మంలోనే ఉన్నాను. ఆయన కంచంలో కలిపిన అన్నం సూసేడు, తీసున్న ఎనక తలుపు సూసేడు. "నన్ను సూసేనా? నానేమన్నా పులినా?" అని పకపకా నవ్వీసేడు. మీ అమ్మమ్మ నవ్వినాది. నానూ నవ్వేను. ఆయన నవ్వుతుంటే మనం నవ్వకపోతే ఎలాగ... అదిగో, కరెంటొచ్చినాది. లే లే, నీళ్ల మోటారెయ్యి, మళ్లీ పోద్ది.