రెండు వందల పదమూడో ఇల్లు

సభకు పెద్దగా కూర్చున్న మా అధికారి గారికీ, ఆయన పక్కనే ఉన్న డాక్టరమ్మగారికీ, నాకంటే ముందే రిటైరై నాకంటే పడుచుగా కనిపిస్తున్న పెద్దలకీ, తోటి ఉద్యోగులకీ, మొదటి వరుసలో కూర్చుని నేనెక్కడ నోరు జారతానా అని కళ్ళద్దాలు తుడుచుకుంటున్న మా అత్తగారికీ, మూడో వరుసలో కిటికీ పక్కన, పిలిస్తే వచ్చి, వచ్చినందుకు ఇబ్బందిపడుతున్న మా టైలరు చెల్లికీ, అందరికీ నమస్కారం.

ఇందాకటి నుంచి ఆరుగురు మాట్లాడారు. ఆరుగురూ నన్ను సౌమ్యురాలన్నారు. (నవ్వులు) నవ్వకండి, ఆ మాట విని మా అత్తగారికి పొలమారింది. స్టోరు గుమాస్తా గారైతే ఇరవై తొమ్మిదేళ్ళలో నేనెవరినీ పల్లెత్తు మాట అనలేదన్నారు. అయ్యా, బ్లీచింగు పొడి తడిసి గడ్డకట్టిన రోజున నేను మిమ్మల్నన్న మాటలు అంత హాయిగా మరిచిపోయారంటే మీది నిజంగా పెద్ద మనసు. గోడ గడియారం ఇచ్చారు, చాలా సంతోషం. ఇన్నేళ్ళూ టైముకి రావాలి, టైముకి రావాలి అని చెప్పి, ఇక టైముతో పనిలేదన్న రోజున గడియారం చేతిలో పెట్టడం మన ఆరోగ్య కార్యాలయానికే చెల్లింది.

రెండు ముక్కలు మాట్లాడి ముగించమని సార్ ఇందాక నా చెవిలో చెప్పారు. రెండు ముక్కలే చెప్తాను సార్. కాకపోతే ముక్కలు కాస్త పెద్దవి.

ఆరేళ్ళ క్రితం ఈ ఊళ్ళో వాంతులూ విరేచనాల జబ్బు వచ్చిన సంగతి మీకందరికీ తెలుసు. ఆస్పత్రి వరండాల్లో చాపలేసి పడుకోబెట్టిన రోజులవి. అప్పుడు పైనుంచి ఒక ఫారం వచ్చింది, పద్దెనిమిది ప్రశ్నలు. ఈ జబ్బు ఎలా వస్తుందో తెలుసా, నీళ్ళు కాచి తాగుతున్నారా, మరుగుదొడ్డికి వెళ్ళొచ్చాక సబ్బుతో చేతులు కడుక్కుంటున్నారా, జబ్బు వచ్చిన ఇంటివాళ్ళతో మాట్లాడతారా మానేస్తారా, ఇలాంటివి. జనానికి ఏం తెలుసు, ఏమనుకుంటున్నారు, ఏం చేస్తున్నారు, ఈ మూడూ తేల్చాలన్నమాట. నాకు రెండు వందల పన్నెండు ఇళ్ళు అప్పగించారు.

మొదటి మూడు రోజులూ నేను గాల్లో తేలిపోయాను. ఏ ఇంటికెళ్ళినా అన్నీ సరైన జవాబులే. కడుక్కుంటున్నామమ్మా. కాస్తున్నామమ్మా. ఒక పెద్దాయనైతే నేను ప్రశ్న పూర్తి చేయకముందే జవాబు చెప్పేశాడు, పక్కింటివాళ్ళని అడుగుతుంటే గోడవతల నుంచి విని బట్టీపట్టాడట. ఇంటికొచ్చి మా అత్తగారితో గొప్పగా చెప్పాను, జనం మారిపోయారత్తయ్యా, నూటికి తొంభై ఆరుగురికి అన్నీ తెలుసు, చేస్తున్నారు కూడా అని. ఆవిడ విని, "అందరూ అన్నీ చేస్తుంటే మరి ఆ వరండాల్లో పడుకున్నదెవరే?" అంది. "నన్నడిగితే నేనూ మాత్రలు వేళకి వేసుకుంటున్నాననే చెప్తాను. డబ్బా తెరిచి చూడు" అంది.

తెరిచి చూశాను. పదకొండు రోజుల బీపీ మాత్రలు అలాగే ఉన్నాయి. (నవ్వులు) అత్తయ్యా, మీరు తలొంచుకోనక్కర్లేదు, ఈ ఉద్యోగంలో నాకు పాఠం చెప్పింది మీరొక్కరే. ట్రైనింగులన్నీ ఆ తర్వాతే.

మర్నాటి నుంచి పద్దెనిమిది ప్రశ్నలూ అయ్యాక పంతొమ్మిదోది నా సొంతంగా అడగడం మొదలుపెట్టాను. "అమ్మా, నా చేతులకి సిరా అంటింది, కాస్త సబ్బూ నీళ్ళూ ఇస్తారా?" అంతే. నిజంగానే అంటేది, మనకిచ్చిన కలాలు అలాంటివి. సబ్బు వచ్చేదాకా గుమ్మంలో నిలబడేదాన్ని. కొన్ని ఇళ్ళల్లో తడిసబ్బు చేతికందేది. కొన్ని ఇళ్ళల్లో కాగితం కూడా విప్పని సబ్బు వచ్చేది. ఒకింట్లో బట్టల పెట్టె అడుగు నుంచి తీసిచ్చారు, చీరలకి వాసన కోసం పెట్టుకున్నారట. అయిపోయిన ఇళ్ళకి కూడా మళ్ళీ వెళ్ళాను. రెండు వందల పన్నెండు ఇళ్ళల్లో సబ్బు తడిగా ఉన్నవి అరవై ఒకటి. ఫారంలో దానికి గడి లేదు. స్కేలు పెట్టి పక్కన ఒక గీత గీసుకుని, పైన 'చూసినది' అని రాసుకున్నాను.

సబ్బు పొడిగా ఉన్న ఇళ్ళన్నీ నాకు కోపం తెప్పించాయి, ఆ మాట దాచను. వీళ్ళకెన్నిసార్లు చెప్పాలి అనుకుంటూనే తిరిగాను, మా టైలరు చెల్లి గుమ్మం తొక్కేదాకా. తను కూడా పద్దెనిమిదికి పద్దెనిమిదీ చెప్పింది. సబ్బడిగితే కాగితంలో ఉన్నదే తెచ్చింది. నేను ఊరుకోకుండా, "ఇన్ని తెలుసుకదా, మరి వాడవేం?" అన్నాను. తను నా చేతిమీద అరగ్లాసు నీళ్ళు పోసి ఆగిపోయింది. "అక్కా, సబ్బు రాస్తే నురుగు పోవడానికి నాలుగు గ్లాసులు కావాలి. వీధి కుళాయి రెండు రోజులకోసారి అరగంట వస్తుంది, నలభై ఇళ్ళకి. నాలుగు గ్లాసులంటే లోపల పడుకున్న మా మామయ్యకి సాయంత్రం దాకా తాగే నీళ్ళు. మీ కాగితంలో పద్దెనిమిది ప్రశ్నలున్నాయి, బిందెలో నీళ్ళున్నాయా అని ఒక్కటీ లేదేం?" అంది.

నేను ఆ రోజు సిరా చేతులతోనే ఇంటికొచ్చాను. వాళ్ళ మామగారు ఆ వారంలోనే పోయారు.

పోయిన నాలుగో రోజున, ఇదే కార్యాలయం వాళ్ళు వెళ్ళి ఆ ఇంటి గోడకి ఒక పోస్టరు అంటించారు. 'మీ నిర్లక్ష్యమే మీ జబ్బు.' ఇంత లావు అక్షరాలు. కొలతలిచ్చినవాళ్ళు కూడా వచ్చి కుట్టని గుడ్డలు వెనక్కి పట్టుకెళ్ళారు. తను మిషను మీద గుడ్డ కప్పేసి కూర్చుంటే నేను వెళ్ళి ఆ పోస్టరు గోళ్ళతో గీకాను. గంట పట్టింది. మన దగ్గర మిగతా సరుకుల సంగతెలా ఉన్నా ఆ జిగురు మాత్రం బహు నాణ్యమైనది. (నవ్వులు) ప్రభుత్వ పోస్టరు చింపింది ఎవరని అప్పట్లో విచారణ కూడా జరిగింది. ఇదిగో, నేనే. రాసుకోండి.

ఇక రెండో ముక్క. అదే నెలలో మనకి ట్రైనింగు పెట్టారు, ఈ హాల్లోనే. చేతులు ఎలా కడుక్కోవాలో తెర మీద బొమ్మలేసి, వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్టు, అన్నీ సార్ స్వయంగా చూపించారు. చాలా బాగా చెప్పారు, వెటకారం కాదు. అయ్యాక టిఫిన్ పొట్లాలిచ్చారు. నేను చేతులు కడుక్కుందామని వరండా చివర కుళాయి దగ్గరికెళ్ళాను. తిప్పితే బుస్సుమంది. గాలి. పక్కన సబ్బుంది, కంపెనీ అక్షరాలు కూడా చెరగలేదు. వెనక్కి తిరిగి చూస్తే మనం ముప్పై నలుగురం, డాక్టర్లు సహా, పొట్లాలు విప్పుకుని శుభ్రంగా తింటున్నాం. గురివింద తన నలుపెరగదంటారే, ఆ గింజలన్నీ ఒక్కచోట చేరినట్టున్నాం.

అప్పుడు నేను చేసిన పని మీకందరికీ తెలుసు. సంచీలోంచి ఒక ఫారం తీసి నింపాను. ఇల్లు నంబరు: రెండు వందల పదమూడు. ఇంటి పెద్ద: అధికారి గారు. సభ్యులు: ముప్పై నలుగురు. తెలిసినవి: పద్దెనిమిదికి పద్దెనిమిది. చూసినది: సబ్బు పొడిగా ఉంది, నీళ్ళు లేవు. ఒట్టేసి చెప్తున్నాను, వెక్కిరించాలని కాదు. ఏ ఇంటికెళ్తే ఆ ఇంటి ఫారం నింపడం నాకు అలవాటైపోయింది. అది కట్టలో కలిసిపోయింది. మన టైపిస్టమ్మ అక్షరం పొల్లుపోకుండా కొట్టేసింది, నా 'చూసినది' గడితో సహా. సార్ చదవకుండానే సంతకం పెట్టారు. పైకి వెళ్ళింది.

పైవాళ్ళు ఆ ఒక్క వరుస చూసి నవ్వారట. నవ్వడం అయ్యాక ఎవరో ఒక పుణ్యాత్ముడు, ఆరోగ్య కార్యాలయానికే నీళ్ళు లేకపోతే మరి ఆ వీధుల మాటేమిటి అన్నాడట. దాంతో టైలరు చెల్లి వీధికి నీళ్ళ పైపు వేయాలని ఒక ఫైలు పుట్టింది. ఆ ఫైల్లో ఆధారం ఏమిటంటే నేను చేత్తో గీసుకున్న ఆ 'చూసినది' పట్టికే. నాకేమో మెమో వచ్చింది, కార్యాలయాన్ని ఉద్దేశపూర్వకంగా కించపరిచినందుకు. అది ఇప్పటికీ నా సర్వీసు రికార్డులో భద్రంగా ఉంది. ఫైలు మాత్రం ఆరేళ్ళు బల్లబల్లకీ నిద్రచేస్తూ పోయిన నెలలో ఆఖరి బల్ల చేరింది.

పోయిన వారం సార్ నన్ను గదిలోకి పిలిచి, కూర్చోమని, ఈ కాగితం ఇచ్చారు. (సంచీలోంచి కాగితం తీసి చూపిస్తూ) టైపు చేసి సిద్ధంగా ఉంది. 'రెండు వందల పదమూడవ వరుస నా పొరపాటువల్ల చేరినది, అందుకు విచారిస్తున్నాను.' కింద నా సంతకానికి చోటు. సంతకం పెడితే మెమో తీసేస్తారు, మచ్చలేని రికార్డుతో ఇంటికెళ్ళొచ్చు. ఆఖరి బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళు ఆ వరుస చదివితే సార్ పేరు చదువుతారు, అదీ సంగతి.

కంగారు పడకండి సార్. మిమ్మల్ని చెడ్డవారనను. ఆ రోజుల్లో మీరు భుజాన సెలైను సీసాల పెట్టె పెట్టుకుని మెట్లెక్కడం నా కళ్ళతో చూశాను. మీరు చెడ్డవారైతే నాకు ఈ కాగితం అప్పుడే చింపేయడం తేలికయ్యేది. చింపలేదు. ఇంటికి పట్టుకెళ్ళాను. మా అమ్మాయి చూసి, "పెట్టేయమ్మా, పోయేదేముంది, ఒక్క వరుసేగా" అంది. ఈ రోజు పొద్దున కలం కూడా తీశాను. నాకూ ఉంటుందండీ, ఇరవై తొమ్మిదేళ్ళు ఎండల్లో తిరిగినదాన్ని, వెళ్ళేటప్పుడైనా మచ్చ లేకుండా వెళ్ళాలని ఉండదా? ఉంది. చాలా ఉంది.

కానీ కలం కాగితం మీద ఆనించాక ఆలోచించాను. ఈ వరుస పొరపాటైతే పట్టిక పొరపాటు. పట్టిక పొరపాటైతే ఫైలు మూసేస్తారు, అలా మూసేయడానికి సాకు దొరికితే చాలని చూసే మహానుభావులకి మన దగ్గర కొదవ లేదు. ఇక మిగిలేది పోస్టరే. తెలిసీ చేయని జనం, వాళ్ళ నిర్లక్ష్యం. ఒక మనిషి గ్లాసులు లెక్కపెట్టుకుని మామగారి నోట్లో పోసిన నీళ్ళకి మనం పెట్టిన పేరు నిర్లక్ష్యం. నేను ఆ మాట మీద సంతకం పెట్టనండీ. మెమో ఉండనివ్వండి. నా రికార్డులో నేను చేసిన మంచిపనికి రాతపూర్వకమైన రుజువు అదొక్కటే. (చప్పట్లు) చప్పట్లు తర్వాత కొట్టండి, కొడుతున్నవాళ్ళెవరో సార్ చూస్తున్నారు. (నవ్వులు)

చెల్లీ, ఈ మాట నీ ముందు చెప్పాలనే నిన్ను రమ్మన్నాను. ఆ రోజు నీ గుమ్మంలో నిలబడి నీమీద విసుక్కున్నాను కదా. నాది తప్పు. అదొక్కటే నేను విచారిస్తున్నది, దానికి ఎక్కడ సంతకం పెట్టమన్నా పెడతాను.

వచ్చినవాళ్ళందరికీ, వంకలు పెడుతూనే నాతో పనిచేసినవాళ్ళందరికీ, ఆ ఒక్క వరుసనీ దిద్దకుండా కొట్టిన టైపిస్టమ్మకి ఇంకాస్త ఎక్కువగా, ధన్యవాదాలు. భోజనాలు సిద్ధంగా ఉన్నాయట. వరండా చివర ఆ కుళాయి కూడా మార్చారు, ఇప్పుడు తిప్పక్కర్లేదు, కింద చెయ్యి పెడితే చాలట. సార్, ఇదిగో మీ కాగితం, సంతకం లేకుండా తిరిగిస్తున్నాను. పొద్దున అది పట్టుకుని కూర్చున్నంతసేపూ కలం సిరా కక్కుతూనే ఉంది, నా చేతులు చూడండి.

కాస్త సబ్బూ నీళ్ళూ ఇప్పిస్తారా? మీరు ముందు నడవండి, మీ వెనకే వస్తాను. సెలవు.