ముడవని మోకాలు

1963, శ్రావణమాసం. బెల్లంపల్లి బొగ్గుబాయి కార్మికుల దవాఖానలో, వెనుక వరండాను ఆనుకొని ఒక కసరత్తు గది. బండ కూలి విరిగిన మొండయ్య తొడ ఎముక అతికింది, సిమెంటు పట్టీ కూడా తీసేశారు. కర్రలా బిగిసిపోయిన మోకాలు మళ్లీ ముడుచుకునేలా చేయడం, పట్నంలో ఈ పని నేర్చుకొని వచ్చిన నర్మద బాధ్యత. కొన్నాళ్లుగా ఆమెకు అతని మీద అనుమానంగా ఉంది.

"నిన్న ఇంతదాకా ముడిచిన్రు. ఇయ్యాల ఇక్కడనే ఆగిపోయింది. ఎందుకు?"

"నాకేమెరుకమ్మ? కాలునే అడుగు."

"మొన్న కూడ గిట్లనే అయింది. ఇక్కడికెల్లి పోయేటప్పుడు మంచిగనే ఉంటది. తెల్లారి వచ్చేసరికి మల్ల బిగుసుకపోతది. ఇంటికి పోయి ఏం చేస్తున్నరు మీరు?"

"ఎవలన్న ఏం జేస్తరు? ఇంత తిని పంటున్న."

"ఎట్ల పంటున్నరు?"

"గిదేం సవాలమ్మ! మంచం మీద పంటున్న."

"నేను చెప్పిన కసరత్తు?"

"చేస్తున్న."

"ఇసుక సంచి మడిమెకు కట్టుకొని కాలు లేపుమన్న గద?"

"చేస్తున్ననంటున్నగద."

"ఏదీ, చేసి చూపించండి."

"జర ఆగు. దమ్ము తీసుకోనీ."

"మొండయ్యా, ఒక మాట అడుగుతా. కోపం చేయకండి."

"అడుగు."

"మీకు మల్ల బాయిల దిగుడు ఇష్టం లేదా?"

"ఏందీ?"

"లేకుంటే లేదని చెప్పండి. బండ మీద పడ్డోళ్లకు భయం ఉంటది, అది తప్పేం కాదు. కాని కావాలని కాలు బిగబట్టుకొని, నొప్పి నొప్పని నన్ను..."

"ఆగు, ఆగు. నేను నాటకమాడుతున్నన్న?"

"ఆడుతున్నరని నేననలే."

"అన్నవు. ఇప్పుడే అన్నవు. ఎవలు అడుగుమన్నరు గీ మాట? కంపెనోళ్లా?"

"కంపెనోళ్లతోని నాకేం పని?"

"జీతం ఎవలిస్తున్నరు మరి? గా బద్ద పెట్టి నా మోకాలు కొలుస్తవు. కొలిచి పోయి పెద్ద డాక్టరు చెవుల ఊదుతవు. ఏం ఊదుతున్నవో నాకెట్ల తెల్వాలె? నిన్ను నేనెందుకు నమ్మాలె?"

"నమ్మకుంటే రోజూ ఎందుకొస్తున్నరు?"

"అవసరముండి వస్తున్న."

"ఏం అవసరం?"

"ఇగ కాలు గుంజమ్మ. మాటలతోని ముడుస్తదా అది?"

"గుంజుతా. ముందుగాల ఈ చారలేందో చెప్పండి."

"ఏం చారలు?"

"మోకాలు వెనుక. ఇగో, పిక్క మీద కూడ ఉన్నయి, గీతలు గీసినట్టు."

"నులక గుచ్చుకున్నది."

"నులక అయితే అల్లిక అచ్చు పడ్తది. ఇవి నిలువు చారలు. బద్దలు పెట్టి కట్టిన గుర్తులివి."

"పట్నపోళ్లకు బద్దల సంగతి ఎట్ల ఎరుక?"

"చేతికి జిగట తగుల్తుంది. ఇది గుడ్డుసొన వాసన."

"ఇంట్ల కోడిగుడ్డు కూర వండుకున్నం."

"మోకాలుతోని తిన్నరా?"

"నవ్వకమ్మ."

"నవ్వుతలేను. ఎవరు కడ్తున్నరు?"

"కాలు నాది."

"కాలు మీదే. కట్టేదెవరు?"

"ఎవలైతేంది? మంచికే కడ్తున్నరు. మంథనిల హనుమండ్లని ఒకాయన ఉన్నడు, కట్లు కట్టేటాయన. నీకు తెల్వది. గా సుట్టుపక్కల ఎవని బొక్క ఇరిగినా ఆయన చెయ్యే పడాలె. గుడ్డుసొనల పసరు కలిపి పూసి, వెదురు బద్దలు పెట్టి కట్టి, తెల్లారి ఇప్పుమన్నడు. పొద్దుగాల నీ కసరత్తు, పొద్దుమీకి ఆయన కట్టు. రెండు దిక్కుల పని నడిస్తే జల్ది నిలబడ్తనని..."

"అయ్యో, మొండయ్యా!"

"అయ్యో అంటవేంది?"

"మీ బొక్క ఎప్పుడో అతికింది. దానికేం ఫికరు లేదు. బిగుసుకుపోయింది కీలు. రోజులకొద్ది తెరవని తలుపు చూడండి, బందులు తుప్పు పట్టి కదలదు. తెరిచి మూస్తుంటేనే నడుస్తది. నేను పొద్దున గుంజి గుంజి కొంచెం తెరుస్తున్న. మీరు ఇంటికి పోయి బద్దలు పెట్టి మల్ల మూస్తున్నరు."

"మూసుడేంది?"

"సాపిన కాలు సాపినట్టే కట్టేస్తే అది మల్ల బిగుసుకోక ఏం చేస్తది? ఇన్నొద్దుల నుంచి మీరు పండ్లు కొరుక్కొని పడ్డ కష్టమంత ఆ కట్టు మింగింది."

"అబద్ధం. గంత పని తెలిసినాయన చెడగొడ్తడా?"

"ఆయన మీ కాలు ఎప్పుడు చూసిండు?"

"సూడలే."

"చూడకుంటనే కట్టుమన్నడా?"

"మా ఇంటిది, ఐలవ్వ, పోయి అడిగొచ్చింది."

"కట్టేది కూడ ఆమెనేనా?"

"ఇంకెవలు కడ్తరు? నీకు చెప్పద్దన్నది. చెప్తే నువ్వు గుస్స చేస్తవు, దవాఖానకు రానియ్యవు అన్నది. దానికి భయం, పాపం."

"నాకు చెప్పద్దన్నదా?"

"నువ్వు గట్ల సూడకమ్మ. అది మంచిది."

"మొండయ్యా, మిమ్మల్ని ఇందాక అట్ల అన్నందుకు ఏమనుకోకండి. నేను అనుమానపడింది తప్పు మనిషి మీద."

"అంటే ఏంది? ఇప్పుడు దాని మీద పడ్తున్నవా?"

"వరండాల కూసున్నది గద, పిలుస్తా."

"వద్దు. ఉత్తగనే ఏడుస్తది."

"ఐలవ్వా! జర లోపలికి రా."

ఐలవ్వ గడప దాకా వచ్చింది గానీ, దాటి లోపలికి అడుగు వేయలేదు.

"అయిపోయిందా అమ్మ? బండి ఆయన ఉండనంటుండు. మొగులైతుంది, వానొచ్చేటట్టున్నది."

"బండి ఆగుతదిలే. రోజూ మొండయ్య కాలుకు కట్టు కడ్తున్నవా?"

"నేనా?"

"నువ్వే."

"ఎవలన్నరు?"

"నేనే చెప్పిన, ఐలీ. గుడ్డు వాసన పట్టేసిందీ అమ్మ. ఇగ దాసుడెందుకు?"

"కడితే తప్పా? మా కాడ అందరు కట్టుకునేటోళ్లే. నువ్వొక్కదానివే బాగుచేస్తవా?"

"హనుమండ్లు కట్టుమన్నడా?"

"ఆఁ, కట్టుమన్నడు."

"ఏమని కట్టుమన్నడు? మోకాలు సాపి కట్టుమన్నడా, ముడిచి కట్టుమన్నడా?"

"గవన్ని నాకెట్ల యాదికుంటయమ్మ?"

"రోజూ కడ్తున్నవు, యాదికి లేదా?"

"సాపి... సాపే కట్టుమన్నడు. ఏందయ్యా నువ్వు, పోలీసోళ్ల లెక్క అడుగుతుంటే సూసుకుంట కూసున్నవు?"

"చెప్పరాదే. నువ్వు పోయినవు, అడిగినవు, ఆయన చెప్పిండు. గంతే గద."

"గంతే."

"ఇన్నవా అమ్మ? రైలెక్కి పెద్దపల్లిల దిగి, ఆడికెల్లి బస్సుల మంథని పోయింది. నా కోసం ఒక్కతే పోయింది."

"ఎప్పుడు పోయినవు ఐలవ్వా?"

"పట్టీ తీసినంక."

"ఎప్పుడు పోయి ఎప్పుడొచ్చినవు?"

"పొద్దుగాల పోయిన. పగటీలి అన్నం యాళ్లకే వచ్చిన."

"ఐలీ."

"ఏంది?"

"పగటీలికెట్ల వస్తవే?"

"వచ్చిన. ఏమైందిప్పుడు?"

"గానాడు పగటీలి అన్నం నాకు నువ్వే పెట్టినవు, గప్పుడు నాకు తట్టలే. సల్లారకముందే పెట్టినవు. పెద్దపల్లి పోయి, ఆడ బస్సు కోసం నిలబడి, మంథని పోయి, హనుమండ్లను దేవులాడి, పసరు నూరిపిచ్చుకొని, మల్ల గదే తొవ్వల పడి పగటీలికొచ్చి అన్నం వండినవా? రైలుకు రెక్కలొచ్చినయా?"

"ఆయన రైల్‌టేషన్ కాడనే కలిసిండు."

"ఇందాక మంథని పోయిననంటివి."

"నువ్వన్నవు. నేననలే."

"నాతోని అన్నదెవలే? ఆయన ఇంటి ముందట జనం కట్టలు కట్టలుగ ఉన్నరని చెప్పినదెవలు?"

"నేనే."

"పోయినవా, పోలేదా?"

"పోలే."

"మల్ల పసరు?"

"నేనే నూరిన. ఏదో ఆకు. గుడ్డుసొన కలిపిన."

"బద్దలు?"

"నేనే చీరిన."

"హనుమండ్లు కట్టుమనలే?"

"ఆయన మొకం సూడలే నేను."

"ఎందుకే? నన్ను మంచానికి కట్టేసి ఏం జేద్దామనుకున్నవు? ఎవని కోసం?"

"ఛీ! గా మాటనకు."

"అంటా. ఎందుకనద్దు? రాత్రంత నా కాలు బిగబట్టినవు. పొద్దుగాల ఈ అమ్మ గుంజుతుంటే నేను ఒర్రిన. నువ్వు గా వరండాల కూసోని ఇన్నవు. ఇనుకుంట కూసోని, ఇంటికి పోయి మల్ల కట్టినవు. ఇందాక ఈమె నన్ను నాటకమాడుతున్నవన్నది. నా ఇంట్లనే ఆడుతున్నరు నాటకం!"

"మొండయ్యా, అరవకండి. ఐలవ్వా, నువ్వు చెప్పు. ఎందుకు చేసినవు?"

"నువ్వు అడగకమ్మ. నీకు ఆ హక్కు లేదు."

"నేనేం చేసిన?"

"నువ్వు ఎందుకు బాగుచేస్తున్నవు ఈయన కాలు? మల్ల బండ కింద పెట్టెటందుకే గద."

"నేను బాయి కోసం చేస్తలేను. నడవాలని చేస్తున్న."

"నడిచేటోన్ని కంపెనీ ఇంట్ల కూసోపెడ్తదా? నువ్వు గుంజి గుంజి సక్కగ చేస్తవు. పెద్ద డాక్టరు నడువుమంటడు, నడుస్తడు. ఇగ పో, దిగు అంటడు. నీ పని అయిపోతది, నువ్వు పట్నం పోతవు. బాయి మీద నిలబడేది నేను."

"అది నేను... అట్ల ఎన్నడు అనుకోలే ఐలవ్వా."

"నువ్వెందుకు అనుకుంటవు?"

"అయితే గందుకా? నేను దిగద్దని కట్టినవా?"

"గందుకే."

"పిచ్చిదానా! నేను దిగకుంటే పొయ్యి ఎట్ల మండాలె?"

"నేను కూలికి పోత. బట్టీల కాడ తట్ట మోస్త. నీకు నేను గంజి పోయలేనా?"

"నువ్వు తట్ట మోస్తుంటే ఎంకటి సూసుకుంట కూసుంటడా? మీసమొచ్చిన కొడుకు. మొన్నటిదాక నాతోని కొట్లాడలేదా, నేనూ దిగుతనని? నేను మంచంల ఉంటే ఆడు దిగుతడు. గంత తెల్వదా నీకు?"

"ఇది మీరు నాకెన్నడు చెప్పలే మొండయ్యా."

"నిన్ను నమ్మితే గద చెప్పేది. ఇప్పుడు ఇను. నా బాపు బాయిలనే పోయిండు. నా తమ్ముడు నా ముందటనే పోయిండు. బండ కింద ఆని చెయ్యి ఒక్కటి కనపడ్డది. నేను దాన్ని పట్టుకొని కూసున్న, ఎచ్చగ ఉండె, సల్లారేదాక ఇడువలే. గప్పుడే అనుకున్న, నా కొడుకు కాలు ఆ బాయిల పడద్దని. వానితోని ఒట్టేపిచ్చుకున్న. గందుకే వస్తున్న నీ కాడికి. నువ్వు కంపెనోళ్ల మనిషివైనా సరే, ఎవలైనా సరే, నన్ను దిగేటట్టు చేస్తే చాలని వస్తున్న."

"మీ కొడుకు ఇప్పుడెక్కడున్నడు?"

"నాట్లకు పోయిండు. చొప్పదండిల ఐలవ్వోళ్ల అక్క ఉన్నది. ఎవుసం పని మరుగుతే ఈడికి రానే రాడని నేనే సంబురపడ్డ."

"నాట్లయితే అయిపోవచ్చినయి గద ఐలవ్వా?"

"ఎనకపడ్డ పొలాలుంటయమ్మ. నీకు పొలం సంగతి తెల్వది."

"ఇంటికి ఒక్కసారి కూడ రాలేదా?"

"మా అక్కకు మొగదిక్కు లేదు. పనుంటది."

"తండ్రికి ఇట్లున్నప్పుడు కూడ..."

"ఎన్ని అడుగుతవమ్మ! నీ పని కాలు. కాలు సంగతి సూసుకో."

"అమ్మా, నువ్వు ఆ సంగతి ఇడిచిపెట్టు. ఇది మా ఇంటి పంచాది. ఐలీ, ఇటు సూడు. నా మొకం సూడు."

"సూస్తున్న."

"ఇయ్యాల్టి నుంచి కట్టు కట్టద్దు."

"కడ్త."

"ఐలీ!"

"కడ్త. నువ్వు పండినంక కడ్త. ఇప్పుకుంటే మల్ల కడ్త."

"ఐలవ్వా, మోకాలు పురాగ బిగుసుకపోతే తర్వాత నేను కూడ ఏం చేయలేను. జీవితమంత కుంటుకుంట నడుస్తడు."

"కుంటనీ. కుంటోడు ఇంటికొస్తడు."

"ఇంటున్నవా అమ్మ, ఏమంటుందో? నీకు కొడుకు మీద ప్రేమ లేదానే? నేను దిగితేనే ఆడు మీద ఉంటడు. నేను కుంటోన్నయితే ఆడు దిగుతడు. ఒక్కటే మాట. నన్ను ఆపుడంటే వాన్ని దింపుడే. కన్నకొడుకును దింపుతవానే నువ్వు?"

"నేను దింపేదేంది? ఆడెప్పుడో దిగిండు. చొప్పదండి పోలే, నాట్లకు పోలే. రెండో నంబరు బాయిల దిగుతుండు, ఆడనే దోస్తుల కాడ పంటుండు. మన ఇండ్ల లైన్లల్ల అందరికీ ఎరుకే, నీకే చెప్పద్దని ఇంటింటికి పోయి బతిమిలాడిన. నువ్వు మంచంల పడ్డ నెలకే పేరు ఎక్కిచ్చుకున్నడు. నువ్వు లేచినా ఆడు ఇగ మీదికి రాడు, చెప్పిండు నాతోని. తలుపుకడ్డం పండిన, దాటిపోయిండు. కాళ్లు మొక్కిన, ఇనలే. వాన్ని ఆపలేకపోయిన. నా చేతికి దొరికింది నీ కాలొక్కటే."