కళ్లజోడులో సముద్రం

గిలకలదిండి రేవులో చేప ఐసుపెట్టెలో ఉన్నప్పటికంటే బుచ్చిరాజు నోట్లో ఉన్నప్పుడే ఎక్కువ బరువు తూగుతుంది. టీకొట్టు పక్కన వల బాగుచేస్తున్న అతని భార్య సుబ్బులమ్మకి ఈ సంగతి పెళ్లైన వారానికే తెలిసింది. కాకపోతే ఇవాళ వినేవాళ్లలో బోటు యజమాని పిచ్చేశ్వరరావు గారున్నారు. నెల క్రితం బోటు మీంచి జారి, నీళ్లు మింగి, చావు తప్పించుకున్న బుచ్చిరాజుకి మళ్లీ బోటు అప్పజెప్పాలా వద్దా అన్నది ఆయన ఈ పూటే తేల్చాలి.

“గుడివాడ ఐసీయూలో ఆరు రోజులండీ. చుట్టూ మిషన్లు కుయ్‌కుయ్‌మంటుంటే అందరికీ దడే, నాకు తప్ప. అయినా వినీల అని నర్సమ్మ, కంగారు తగ్గుతుందని నా కళ్లకి ఇంత లావు కళ్లజోడు తగిలించింది. వీఆర్ అంటారు, పెట్టుకుంటే బొమ్మలోనే ఉన్నట్టుంటుంది. ఎదురుగా సముద్రమే! చూడగానే బీపీ దారికొచ్చేసింది,” అన్నాడు బుచ్చిరాజు.

“మంచిదేగా బావా,” అన్నాడు దేవసహాయం. బుచ్చిరాజు వెళ్లకపోతే రేపు బోటు నడిపేది అతనే.

“ఆ తర్వాత ఏమైందో తెలుసా? నీళ్ల రంగు చూశాను. అడుగున పండుగప్పల మంద! మంచం మీంచే వల విసిరాను.”

“వలెక్కడిది?”

“దుప్పటి లేదూ! ఒక్కో చేపా నలభై కిలోలు. వార్డంతా నీచు వాసన. పది రోజులుగా స్పృహ లేని పక్కమంచం పెద్దాయన లేచి కూర్చుని ‘కిలో ఎంత?’ అన్నాడు. ఇంతలో ఆ కళ్లజోడులోనే తుపాను పుట్టి దివిసీమ మీదికి బయల్దేరింది. సెలైన్ స్టాండుని చుక్కానిలా తిప్పి, అడ్డం వెళ్లి, దాన్ని వచ్చిన దారినే పంపించాను. ఆ రోజు నాగాయలంకలో చినుకు పడిందేమో అడగండి!”

“పడలేదు,” ఒప్పుకున్నాడు దేవసహాయం.

పిచ్చేశ్వరరావు గారు నవ్వి జేబులోంచి ఇంజను తాళం తీశారు. “ఇంత ధైర్యముంటే ఇంకేం, రేపు నువ్వే...”

సుబ్బులమ్మ చేతిలో దారం ఆగింది.

“బాబుగారూ, నేనక్కడే ఉన్నానండి. సముద్రం కనపడగానే ఈయన ‘ఒడ్డు, ఒడ్డు’ అని నర్సమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. అది తీసేసి, వరిచేల గట్టున ఆవు మేసే బొమ్మ పెట్టారు. అప్పుడు పడుకున్నాడు. ఆరు రోజులూ ఆ ఆవేనండి.”

తాళం దేవసహాయం చేతిలోకి వెళ్లింది. “నువ్వు ఒడ్డున ఇంజన్లు చూసుకో బుచ్చిరాజూ,” అన్నారాయన మెల్లగా.

బుచ్చిరాజు చల్లారిన టీ తాగేశాడు. వచ్చి సుబ్బులమ్మకి ఎదురుగా వల రెండో కొస పట్టుకుని కూర్చున్నాడు. 

“అది మామూలు ఆవు కాదండీ,” అన్నాడు పిచ్చేశ్వరరావు గారి వైపు తిరిగి. “పూటకెన్ని లీటర్లిచ్చేదో తెలుసా?”