ఎండ పడని కుడివైపు

సభకు అధ్యక్షత వహిస్తున్న ప్రిన్సిపాల్ ప్రభుదాస్ గారికి, వేదిక మీది పెద్దలకు, తోటి అధ్యాపకులకు, పనులు మానుకుని చిలుకూరు నుంచి, కోదాడ చుట్టుపక్కల ఊళ్ల నుంచి వచ్చిన తల్లిదండ్రులకు, చోటు చాలక కిటికీల దగ్గర నిలబడ్డ నా పిల్లలకు నమస్కారం. కూర్చునే మాట్లాడతాను, ఏమనుకోకండి.

ఇందాక ప్రభుదాస్ గారు "సులోచన మేడం అలసట ఎరుగని మనిషి" అన్నారు, మీరంతా చప్పట్లు కొట్టారు. సార్, మీ మీద గౌరవంతోనే చెప్తున్నాను, నేను రోజూ అలసిపోయాను. (నవ్వులు) నిజమే చెప్తున్నాను. పొద్దున లేచి జడ వేసుకునేసరికే సగం ఓపిక అయిపోయేది. ఇంకా సర్వీసు ఉండగా ఎందుకు మానేస్తున్నావని మిర్యాలగూడలో మా అక్క రోజూ ఫోన్ చేసి అడుగుతోంది. సర్వీసు మిగిలింది అక్కా, ఓపికే మిగల్లేదు.

నాకు లూపస్ అనే జబ్బు ఉంది. స్టాఫ్‌రూమ్‌లో కొందరికి తెలుసు. తెలియనివాళ్లు నా బుగ్గల మీది ఎర్రటి మచ్చలు చూసి "ఏం క్రీము వాడుతున్నరు మేడం, మెరుస్తున్నరు" అని అడిగారు. (నవ్వులు) సూర్యాపేట నుంచి ఇక్కడికి బస్సులో వచ్చేటప్పుడు పొద్దుటి ఎండ ఎడమవైపు పడుతుంది, సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడూ ఎడమవైపే పడుతుంది. అందుకని ఎప్పుడూ కుడివైపు సీటే వెతుక్కునేదాన్ని. "మేడంకు ఆ సీటు రాసిచ్చిండ్రా?" అని ఒకాయన గొడవ కూడా పెట్టుకున్నాడు. కొంగు ముఖం మీదికి లాక్కుని అక్కడే కూర్చున్నాను.

(మైకు కీచుమంటుంది.)

సతీష్, ఆగు, ఇప్పుడే సరిచేయకు. ఇది నాకు పనికొస్తుంది. పిల్లలూ, మైకు ఎందుకు అరిచింది? స్పీకర్‌లోంచి వచ్చిన శబ్దమే మళ్లీ మైకులోకి పోయింది, పెద్దదై స్పీకర్‌లోంచి వచ్చింది, మళ్లీ మైకులోకి పోయింది. బయటివాళ్లెవరూ అరవలేదు. ఇక సౌండ్ తగ్గించు సతీష్. నా ఒంట్లో జరిగేదీ అదే. వైరస్ వస్తే మన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే ప్రోటీన్‌ను వదులుతాయి. శత్రువు వచ్చాడు, లేవండి అని పక్క కణాలకు కబురు చెప్పడం దాని పని. జ్వరమొచ్చినప్పుడు ఒళ్లంతా నొప్పులు పుట్టి మంచం దిగబుద్ధి కాదు చూడండి, అందులో చాలావరకు ఈ కబురు చేసేదే. లూపస్‌లో శత్రువు ఉండడు. చచ్చిన మన కణాల చెత్తనే చూసి శరీరం వైరస్ అనుకుంటుంది, కబురు పంపుతుంది. రక్షణ కణాలు లేచి మన కీళ్లనూ చర్మాన్నీ మూత్రపిండాలనూ కొడతాయి, దాంతో ఇంకా చెత్త, ఇంకా కబురు. ఎండ తగిలితే చర్మంలో మరిన్ని కణాలు చస్తాయి. మీకు ఎప్పుడో ఒకసారి వచ్చే జ్వరం నీరసం నాకు రోజూ ఉండేది. బద్ధకం అన్నవాళ్ల మీద ఇప్పుడు కోపం లేదు. అప్పుడు మాత్రం చాలా ఏడ్చాను.

ఇదంతా వీడ్కోలు సభలో ఎందుకు అంటారేమో. మన ఇంటర్ రెండో సంవత్సరం నవ్యకూ ఇదే జబ్బు. తనే చెప్పమంది. "నేను జెప్తే అమ్మ ఇనది మేడం, మీరు మైకుల జెప్తే ఇంటది" అంది.

సైదమ్మా, వెనక వరసలో ఉన్నావు కదా, నీతోనే మాట్లాడుతున్నాను. పొద్దున స్టాఫ్‌రూమ్‌కు వచ్చి ఏమన్నావు? "మొకం మంచిగైంది మేడం. మందుల షాపాయన గవి మలేరియా గోలీలన్నడు. జ్వరం లేని పిల్లకు మలేరియా గోలీలెందుకని బంద్ జేసిన" అన్నావు. తప్పు నీది కాదమ్మా. అవి మలేరియాకూ వాడతారు, కరోనా వచ్చిన ఏడాది అందరూ ఎగబడి కొంటే మాకే దొరకలేదు. కానీ లూపస్‌లో ఆ గోలీ ఈ అరుపును తగ్గించి పెడుతుంది. ఇందాక సతీష్ సౌండ్ తగ్గించాడు, మైకు ఊరుకుంది. బాగైందని మళ్లీ పెంచితే? నువ్వు చేసింది అదే. నాట్లకు కూడా తీసుకుపోయావు. పిల్ల పాదాలు చూశావా? వాచి ఉన్నాయి. చెప్పుల వల్ల కాదు. మూత్రపిండాలు దెబ్బతింటున్నాయేమోనని నాకు భయంగా ఉంది. ఇక నీ బిడ్డను మడిలో దించకు.

(వెనకనుంచి: "రేపు దవాఖానకు తోలుకపోత మేడం.")

రేపు కాదు సైదమ్మా, ఇయ్యాల్నే.

ప్రభుదాస్ గారూ, మీరు ప్రేమగా పూలతో అలంకరించిన జీపు చూశాను. టాపు లేదు. (నవ్వులు) ఎండ పడని మనిషిని ఎండలో ఊరేగించాలని మీకే తోచింది సార్. కోపం లేదు. కానీ బ్యాండు వాళ్లను పంపించేయండి, మీ కారు ఇప్పించండి. సూర్యాపేట దవాఖానలో నాకు తెలిసిన డాక్టరమ్మ సాయంత్రం దాకా ఉంటానంది. ఈ పూలదండలు ఆ కారుకే కట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

ఇన్నేళ్లు నన్ను భరించినందుకు, నేను కూర్చుని పాఠం చెప్పినా నిలబడి విన్నంత శ్రద్ధగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. ఇంకా చెప్పాలని రాసుకున్నాను, ఓపిక లేదు. ఉన్న కాస్త ఓపికా దారికి కావాలి.

సైదమ్మా, లే. నవ్యా, కారులో నువ్వు కుడివైపు కూర్చో, నేను ఎడమవైపు కూర్చుంటాను.

సెలవు.